‘పది నిమిషాల దారే కదా!’: రాత్రి షిఫ్టు తర్వాత బండి ప్రయాణం – మెలకువకు ఉన్న హద్దులు

ఉదయం ఏడు గంటలు. సూరత్ నగరానికి ఆగ్నేయంగా ఉధ్నా, లింబాయత్, డిండోలీ ప్రాంతాలకు దగ్గరగా ఉన్న నవాగామ్ వీధుల్లో రద్దీ మొదలవుతుంది. రాత్రంతా సాంచాల ముందు నిలబడిన కార్మికులు ఇళ్లకు మళ్లుతుంటారు. పగటి షిఫ్టు వాళ్లు కార్ఖానాలకు బయలుదేరుతుంటారు. బడి పిల్లల ఆటోలు, బట్టల తాకాలు వేసుకున్న టెంపోలు, పాల బండ్లు, సిటీ బస్సులు, అన్నిటికీ అదే దారి. ఆ గుంపులో తెలుగు మాట తరచుగా చెవిన పడుతుంది. వరంగల్, నల్గొండ, కరీంనగర్ ప్రాంతాల నుంచి నేత పని కోసం వెళ్లిన పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా ఈ చుట్టుపక్కల స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది.

రాత్రి షిఫ్టు ముగించుకుని బండి తీసే కార్మికుడి మనసులో సాధారణంగా మెదిలే మాట ఒకటే: ‘పది నిమిషాల దారే కదా! ఇంటికెళ్లి పడుకుందాం.’

ఈ వ్యాసం ఆ పది నిమిషాల గురించే. జాగ్రత్తగా నడపమని అందరూ చెబుతారు. కానీ జాగ్రత్త అనేది గట్టిగా అనుకున్నంత మాత్రాన వచ్చేది కాదు. మెదడుకు, కంటికి, చెవికి, టైరుకు కొలవగలిగిన హద్దులున్నాయి. అవి తెలిస్తే వాటికి తగ్గట్టు బండి నడపవచ్చు. తెలియకపోతే రోజూ అదృష్టం మీద ఆధారపడి ఇల్లు చేరుతున్నట్టే.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద ప్రయాణిస్తున్నవారే. కారులో ఉన్నవారి చుట్టూ ఇనుప డొక్కు ఉంటుంది. బండి మీద ఉన్నవారికి ఆ రక్షణ లేదు. వారికి ఉన్నది ముందున్న ఖాళీ జాగా, దాన్ని వాడుకోవడానికి తగిన సమయం మాత్రమే.

17 గంటల మెలకువ

ఒక నేత కార్మికుణ్ణి ఊహించుకుందాం. నిన్న మధ్యాహ్నం రెండు గంటలకు నిద్ర లేచాడు. సాయంత్రం ఏడు గంటలకు పనిలోకి వెళ్లాడు. పన్నెండు గంటల షిఫ్టు అయ్యాక ఉదయం ఏడు గంటలకు బండి తీశాడు. అప్పటికి అతను మెలకువగా ఉండి 17 గంటలైంది.

ఈ 17 అంకెకు ఒక ప్రత్యేకత ఉంది. 1997లో డ్రూ డాసన్, క్యాథరిన్ రీడ్ అనే ఆస్ట్రేలియా పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. కొందరిని నిద్ర పోనివ్వకుండా ఉంచి, కంటికీ చేతికీ మధ్య పొందిక ఎలా ఉందో పదే పదే పరీక్షించారు. అదే మనుషులకు మరోసారి కొద్దికొద్దిగా మద్యం ఇచ్చి అదే పరీక్ష పెట్టారు. 17 గంటలు మెలకువగా ఉన్నవారి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నప్పటి స్థాయికి పడిపోయింది. 24 గంటలు దాటేసరికి అది 0.1 శాతంతో సమానమైంది.

మన మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి, అంటే 0.03 శాతానికి మించి ఆల్కహాల్ ఉంటే బండి నడపడం నేరం. మన కార్మికుడు చుక్క కూడా ముట్టలేదు. పోలీసులు ఊదించినా యంత్రం సున్నా చూపిస్తుంది. కానీ అతని చేతులు, కళ్లు చట్టం గీసిన గీతను దాటిన స్థితిలో పనిచేస్తుండవచ్చు. నిద్రలేమిని పట్టుకునే యంత్రం రోడ్డు మీద లేదు. ఆ పరీక్ష ఎవరికి వారే చేసుకోవాలి.

నిద్ర చాలనప్పుడు మెదడు మన అనుమతి అడగదు. ఒకటి నుంచి కొన్ని సెకన్ల పాటు దానంతట అదే మూత పడుతుంది. దీన్ని సూక్ష్మనిద్ర అంటారు. ఆ సమయంలో కళ్లు తెరిచే ఉండవచ్చు. చేయి యాక్సిలరేటర్ మీదే ఉండవచ్చు. గంటకు 40 కి.మీ. వేగంతో వెళ్లే బండి సెకనుకు 11 మీటర్లు కదులుతుంది. మూడు సెకన్ల సూక్ష్మనిద్ర అంటే 33 మీటర్లు ఎవరూ నడపని బండి.

మరి గుర్తించడం ఎలా? వరసగా ఆవులింతలు, రెప్పలు బరువెక్కడం, తల ముందుకు వాలడం తెలిసిన గుర్తులే. అన్నిటికంటే గట్టి హెచ్చరిక ఇంకొకటుంది: ‘ఇందాకటి సిగ్నల్ ఎప్పుడు దాటాను?’ అని గుర్తు రాకపోవడం. అలా అనిపించిన క్షణమే బండి పక్కకు తీయాలి. ముఖం మీద చల్లగాలి, నోట్లో పాట కాసేపు హాయినిస్తాయే తప్ప నిద్ర అప్పును తీర్చవు. తీర్చేది నిద్రే. 15–20 నిమిషాల కునుకు బాగా పనిచేస్తుంది. టీ లేదా కాఫీ తాగి వెంటనే పడుకుంటే ఇంకా మంచిది. అందులోని కెఫీన్ పూర్తిగా పనిచేయడానికి సుమారు అరగంట పడుతుంది కాబట్టి, లేచే వేళకు అదీ తోడవుతుంది. లేచాక మత్తు వదలడానికి మరో ఐదు పది నిమిషాలు ఆగి బయలుదేరాలి.

10 కిలోమీటర్ల తేడా ఎంత దూరం వెళుతుంది?

ఇప్పుడు మెలకువగానే ఉన్న మనిషి సంగతి చూద్దాం. గల్లీలోంచి హఠాత్తుగా ఒక తోపుడు బండి రోడ్డు మీదికి వచ్చింది. అది కంట పడాలి. ఏమిటో మెదడు గ్రహించాలి. బ్రేకు వేయాలని నిర్ణయించాలి. వేళ్లు కదలాలి. అనుకోని సంఘటనకు ఇదంతా జరగడానికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుందని అనుకుందాం. అంతవరకు బండి పాత వేగంతోనే పోతుంది. ఆ తర్వాతే బ్రేకు పని మొదలవుతుంది.

పొడి రోడ్డు మీద ఓ మాదిరి గట్టిగా బ్రేకు వేస్తే, గడిచే ప్రతి సెకనులోనూ బండి వేగం సెకనుకు 5 మీటర్ల మేర తగ్గుతుంది. గంటకు 40 కి.మీ. వేగంలో ఉంటే, చూసి స్పందించేలోపు దాదాపు 17 మీటర్లు, బ్రేకు పట్టాక 12 మీటర్లు, మొత్తం 29 మీటర్లలో బండి ఆగుతుంది. తోపుడు బండి సరిగ్గా 29 మీటర్ల దూరంలో ఉందనుకుంటే, దాన్ని తాకీ తాకకుండా ఆగిపోతాం.

అదే చోట, అదే మనిషి గంటకు 50 కి.మీ. వేగంతో వస్తే? పది కిలోమీటర్లే ఎక్కువ కాబట్టి, తోపుడు బండి దగ్గరకు వచ్చేసరికి పది కిలోమీటర్ల వేగమే మిగులుతుందని చాలామంది అనుకుంటారు. లెక్క అలా లేదు. స్పందించేలోపే దాదాపు 21 మీటర్లు అయిపోతాయి. బ్రేకుకు మిగిలింది 8 మీటర్లే. ఢీకొనే వేళకు బండి ఇంకా గంటకు 38 కి.మీ. వేగంతో ఉంటుంది. 60 కి.మీ. వేగంతో వస్తే బ్రేకుకు దొరికేది 4 మీటర్లు. ఢీకొనే వేగం గంటకు 55 కి.మీ. పైనే.

కారణం రెండు రకాలుగా ఉంది. వేగం పెరిగిన కొద్దీ స్పందించేలోపు ఎక్కువ దూరం పోతాం. దానికి తోడు బండిలోని గతిజ శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు మింగాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. నిద్ర మత్తులో స్పందన మరో అర సెకను ఆలస్యమైతే, 40 కి.మీ. వేగంలో అదనంగా ఐదున్నర మీటర్లు పోతాయి.

ఇంతకీ ఆ వేగంతో మనం సంపాదించేది ఎంత? ఐదు కిలోమీటర్ల దూరానికి 40 కి.మీ. వేగంలో ఏడున్నర నిమిషాలు, 50 కి.మీ. వేగంలో ఆరు నిమిషాలు. మిగిలేది 90 సెకన్లు. దారిలో ఒక ఎర్ర లైటు పడితే అదీ మిగలదు.

ముందు బండికీ మనకూ కనీసం రెండు సెకన్ల ఎడం ఉంచాలనే సూత్రం వెనుక ఉన్నదీ ఈ లెక్కే. ముందున్న వాహనం ఒక స్తంభాన్ని దాటగానే ‘వెయ్యిన్నొకటి, వెయ్యిన్నొక్కరెండు’ అని లెక్కపెట్టండి. ఆ లెక్క పూర్తయ్యాకే మీరు ఆ స్తంభం దగ్గరకు చేరాలి. ఖాళీ ఉంచితే ఎవరో ఒకరు దూరతారు, నిజమే. దూరితే మళ్లీ కాస్త వెనక్కి తగ్గాలి. దానివల్ల పోయేది రెండు సెకన్లే.

ముందు బ్రేకు అంటే భయమెందుకు?

‘ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతాం’ అని మనలో చాలామంది వెనుక బ్రేకునే నమ్ముకుంటారు. కానీ బ్రేకు వేసినప్పుడు మన శరీరం ముందుకు తూలినట్టే బండి బరువూ ముందు చక్రం మీదికి జరుగుతుంది. బండి, మనిషి కలిసి 200 కిలోలనుకుందాం. మామూలుగా రెండు చక్రాల మీదా చెరో 100 కిలోలు పడుతుంటే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందు చక్రం మీద సుమారు 150, వెనుక చక్రం మీద 50 కిలోలు ఉంటాయి. టైరుకు రోడ్డు మీద పట్టు దాని మీద పడే బరువును బట్టి ఉంటుంది. అందుకే ఆపే పనిలో పెద్ద భాగం ముందు చక్రానిదే.

పడిపోయేది ముందు బ్రేకు వాడినందుకు కాదు. బరువు ముందుకు చేరకముందే ఒక్కసారిగా పిండినందుకు, లేదా హ్యాండిల్ తిప్పి ఉండగా వేసినందుకు. హ్యాండిల్ నిటారుగా ఉంచి రెండు బ్రేకులూ కలిపి, ముందుదాన్ని నిమ్మకాయ పిండినట్టు క్రమంగా బిగించాలి. 125 సి.సి. దాటిన కొత్త బండ్లకు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, అంతకంటే చిన్నవాటికి రెండు బ్రేకులనూ కలిపి పనిచేయించే సీబీఎస్ తప్పనిసరి అయ్యాయి. 2018 ఏప్రిల్‌లో కొత్త మోడళ్లతో మొదలైన ఈ నిబంధన 2019 ఏప్రిల్ నుంచి అన్నిటికీ వర్తించింది. పాత బండి నడిపేవారికి ఈ సాయం లేదు. వారు ఖాళీ మైదానంలో తక్కువ వేగంతో సాధన చేయడం మేలు.

వాన పడితే లెక్క మళ్లీ మారుతుంది. తొలి చినుకులు రోడ్డు మీది నూనె, దుమ్ములతో కలిసి జారుడు పొరగా మారతాయి. పొడి రోడ్డు మీద 12 మీటర్లలో ఆగే బండికి తడి రోడ్డు మీద 20 మీటర్లు పట్టవచ్చు.

చూశారు కానీ కనిపించలేదు

‘ఇటు చూసే తిప్పాను, బండి కనిపించలేదు.’ ప్రమాదం చేసిన కారు డ్రైవర్లు తరచుగా చెప్పే ఈ మాట అన్నిసార్లూ అబద్ధం కాదు. చేయి చాచి బొటనవేలి గోరును చూడండి. మన కంటికి నిజంగా స్పష్టంగా కనిపించే భాగం సుమారు అంతే. మిగతాదంతా మసక. కళ్లను అటూ ఇటూ తిప్పుతూ మెదడు ముక్కలను అతికించి పూర్తి దృశ్యాన్ని తయారు చేస్తుంది. పైగా చూపు ఒకచోటి నుంచి మరోచోటికి దూకే క్షణంలో మనకు దాదాపు ఏమీ కనిపించదు. కూడలిలో తల అటూ ఇటూ గబగబా తిప్పి చూసినవారు మధ్యలో ఉన్న బండిని దాటేసే వీలుంది.

రెండో చిక్కు బండి సన్నదనంలో ఉంది. ఎదురుగా నేరుగా వచ్చే వాహనం పక్కలకు కదలదు. అది కంటిలో పెద్దదవడాన్ని బట్టే మెదడు వేగాన్ని అంచనా వేస్తుంది. 80 మీటర్ల దూరంలో ఉన్న మోటారుసైకిల్ వెడల్పు కంటికి అర డిగ్రీకి కాస్త ఎక్కువ, అంటే ఆకాశంలో చందమామ అంత. 40 మీటర్లకు వచ్చినా ఒక డిగ్రీ చిల్లరే. చివరి క్షణాల్లోనే అమాంతం పెరుగుతుంది. ఒకే దూరంలో, ఒకే వేగంతో వస్తున్న లారీ కంటే బండి ఆలస్యంగా వస్తుందని మనుషులు పొరబడతారని ప్రయోగాలు చూపాయి. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు పగలు కూడా హెడ్‌లైట్ దానంతట అదే వెలిగే ఏర్పాటు పెట్టింది ఇందుకే.

కాబట్టి ఎదుటివారి కళ్లు మన మీద ఉన్నంత మాత్రాన మనల్ని చూసినట్టు కాదు. కారు ముందు చక్రాన్ని గమనించండి. అది తిరగడం మొదలైతే కారు వచ్చేస్తున్నట్టే. బస్సు, లారీ వెనుక ఉన్నప్పుడు వాటి అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించకపోతే మీరూ అతనికి కనిపించరు. ఆ చోట ఎక్కువసేపు ఉండకూడదు. మలుపు తిరిగే పెద్ద వాహనానికీ కాలిబాటకూ మధ్య ఉన్న సందులోకి ఎప్పుడూ దూరకూడదు.

నేత కార్మికులకు ఇంకో సమస్య ఉంది. సాంచాల మోతలో గంటల తరబడి ఉన్నాక చెవులు కొంతసేపు మొద్దుబారతాయి. వెనుక వచ్చే హారన్ వినిపించకపోవచ్చు, లేదా దూరం నుంచి వస్తున్నట్టు అనిపించవచ్చు. షిఫ్టు దిగిన రోజున చెవి చేయలేని పని అద్దాలు చేయాలి. మడిచి పెట్టిన అద్దాలు తెరవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. పనిచేసేటప్పుడు చెవులకు రక్షణ పెట్టుకుంటే దారిలోనూ మేలు.

మెలకువ చాలని చోట: పతంగి దారం

ఎంత అప్రమత్తంగా ఉన్నా తప్పించుకోలేని ప్రమాదం ఒకటి సూరత్‌లో ప్రతి జనవరిలోనూ ఎదురవుతుంది. ఉత్తరాయణం పండుగకు గుజరాత్ అంతా పతంగులు ఎగురవేస్తుంది. సూరత్ మాంజాకు రాష్ట్రమంతటా పేరుంది. గాజు పొడి పూసిన దారం తెగి రోడ్డుకు అడ్డంగా వేలాడినప్పుడు, రద్దీ నేపథ్యంలో ఆ సన్నని దారాన్ని కన్ను పట్టుకోవడం చాలా కష్టం. ఐదు మీటర్ల దూరంలో కనిపించిందనే అనుకుందాం. 40 కి.మీ. వేగంలో మిగిలేది అర సెకను కంటే తక్కువ. స్పందించడానికి ఒకటిన్నర సెకను కావాలని ముందే చూశాం. అంటే ఇక్కడ కన్ను, బ్రేకు రెండూ ఓడిపోతాయి. దారం మెడకు తగిలితే గాయం ప్రాణాంతకం కావచ్చు. తేలిగ్గా తెగని నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017 జులైలో దేశమంతటా నిషేధించింది.

మెలకువ చాలని చోట అడ్డు ఉండాలి. అందుకే గుజరాత్‌లో ఆ రోజుల్లో చాలామంది హ్యాండిల్‌కు వంపు తిరిగిన తీగ కడతారు. దారం దానికి తగిలి తల మీదుగా జారిపోతుంది. మెడకు మందపాటి గుడ్డ చుట్టుకోవడం, పిల్లలను బండి ముందు భాగంలో కూర్చోబెట్టకపోవడం, ఫ్లైఓవర్లు మానుకుని కింది దారిలో నెమ్మదిగా వెళ్లడం తప్పనిసరి జాగ్రత్తలు. సంక్రాంతికి పతంగులు ఎగిరే హైదరాబాద్‌లోనూ ఇదే వర్తిస్తుంది.

హెల్మెట్ ఇచ్చేది మూడు సెంటీమీటర్లు

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా పడిపోతే? ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి తల నేలను తాకిందనుకుందాం. వట్టి తల 3 మిల్లీమీటర్ల లోపల ఆగిపోతే, దాని మీద పడే తాకిడి భూమ్యాకర్షణకు సుమారు 500 రెట్లు. హెల్మెట్ లోపలి థర్మోకోల్ పొర నలిగి ఆ ఆగే దూరాన్ని 3 సెంటీమీటర్లకు పెంచితే, అది దాదాపు 50 రెట్లకు తగ్గుతుంది. హెల్మెట్ చేసే సాయం ప్రధానంగా ఇదే, తల ఆగడానికి కాస్త దూరం ఇవ్వడం. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్‌లో ఆ పొర నలిగిపోయి ఉంటుంది. పైకి బాగున్నా మార్చాల్సిందే. పట్టీ బిగించకపోతే హెల్మెట్ తలకంటే ముందే ఎగిరిపోతుంది.

అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించిన 2008 నాటి కాక్రేన్ సమీక్ష, హెల్మెట్ వల్ల మరణ ముప్పు 42 శాతం, తల గాయాల ముప్పు 69 శాతం తగ్గుతుందని అంచనా వేసింది. 2022లో మన దేశంలో హెల్మెట్ లేకుండా 50,029 మంది చనిపోయారు. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. 2021 జూన్ 1 నుంచి ద్విచక్ర వాహనాలకు ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్లు అమ్మకూడదు. సూరత్‌లో 2025 ఫిబ్రవరి నుంచి పోలీసులు హెల్మెట్ నిబంధనను గట్టిగా అమలు చేస్తున్నారు. జరిమానా భయంతో పెట్టుకున్నా హెల్మెట్ పని అది చేస్తుంది. కానీ రెండోది కూడా కొని, వెనుక కూర్చునే మనిషి తలకు పెట్టించాల్సింది మనమే.

బండి తీసే ముందు

షిఫ్టు దిగాక బండి తాళం తిప్పే ముందు ఒక్క నిమిషం ఆగి ఈ ప్రశ్నలు వేసుకోండి:

• నిద్ర లేచి ఎన్ని గంటలైంది? 17 దాటితే ముందు కునుకు, లేదా షేర్ ఆటో, లేదా బాగా నిద్రపోయి వచ్చిన తోటివారి బండి.
• రెండు అద్దాలూ తెరిచి, తుడిచి ఉన్నాయా?
• రెండు బ్రేకులూ పట్టుతున్నాయా? టైర్లలో గాలి ఉందా?
• హెల్మెట్ పట్టీ బిగించానా? వెనుక కూర్చున్నవారికీ ఉందా? వారి చీర కొంగు, చున్నీ చక్రానికి దూరంగా ఉన్నాయా?
• ఫోను జేబులోనే ఉందా?

నగరంలో రోడ్లు బాగుపడాలి, సిగ్నళ్లు పనిచేయాలి, కార్ఖానాలు షిఫ్టు గంటలు తగ్గించాలి, రాత్రి పని ముగిసే వేళకు బస్సు దొరకాలి. ఇవన్నీ న్యాయమైన కోరికలే. బండి నడిపే మనిషి జాగ్రత్త వాటికి బదులు కాదు. కానీ రేపు ఉదయం ఏడు గంటలకు అవేవీ మారి ఉండవు. మార్చగలిగింది బయలుదేరే సమయం, వేగం, ముందు బండికి ఇచ్చే ఎడం. పది నిమిషాల దారి పన్నెండు నిమిషాలైతే ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. టీ కాస్త చల్లారుతుందేమో, అంతే.